కబాడీ అన్న వద్దన్న ప్యాకెట్

ఇవాళ ఆదివారం కదా, బాల్కనీలో పేరుకుపోయిన పాత పేపర్లు, అట్టపెట్టెలు, సీసాలు అన్నీ కబాడీ అన్నకి వేసేద్దామని పిల్లలిద్దర్నీ వెంటేసుకుని కిందకి దిగా. పెద్దది ఆరో క్లాసు, చిన్నోడు రెండు. పేపర్లు తూకం వేశాడు, అట్టలు వేరే వేశాడు, కడిగి ఆరబెట్టిన పాల కవర్లు ఒక కట్ట ఉంటే అవీ తీసుకున్నాడు. చిన్నోడికి హుషారొచ్చి చేతిలో ఉన్న ఖాళీ చిప్స్ ప్యాకెట్ కూడా ఇవ్వబోతే ఆయన "ఇది నడవదు బేటా, ఎవ్వరూ కొనరు" అన్నాడు.

వాడికది అస్సలు మింగుడుపడలేదు. పాల కవరూ ప్లాస్టికే ఇదీ ప్లాస్టికే, పైగా ఇది మెరుస్తుంది కూడా, మరి దాన్నెందుకు తీసుకున్నాడు దీన్నెందుకు వద్దన్నాడు అని మెట్లెక్కినంతసేపూ అదే గోల. ఇంట్లోకి రాగానే రెండూ పక్కపక్కన పెట్టి చూపించా. పాల కవర్ మొత్తం పాలిథినే, కరిగించి మళ్లీ ఇంకోటి చేయొచ్చు, అందుకే దానికి రేటుంది. (మూల పూర్తిగా తుంచకుండా కవర్‌కే వేలాడేలా కత్తిరించమనేది కూడా అందుకే, తెగిపడ్డ ఆ చిన్న ముక్కని ఎవరూ ఏరలేరు.) చిప్స్ ప్యాకెట్ లోపల వెండిలా మెరిసేది పల్చటి అల్యూమినియం పూత, గాలీ తేమా తగిలి చిప్స్ మెత్తబడకుండా ప్లాస్టిక్ పొరలతో కలిపి అతికించేస్తారు. ఆ పొరలు విడదీయడం కష్టం, ఖర్చు ఎక్కువ, అందుకే చెత్త ఏరుకునేవాళ్లు కూడా దాన్ని ముట్టుకోరు.

"మరి ఎక్కడికి పోతుందమ్మా?" అన్నాడు. ఫోన్లో మ్యాప్ తీసి జవహర్‌నగర్ చూపించా. హైదరాబాద్ చెత్తలో ఎక్కువ భాగం పోయేది అక్కడికే, కొంత కాల్చి కరెంటు తీస్తారు, మిగతాది ఏళ్ల తరబడి గుట్టలుగా పేరుకుపోయింది. పక్కనే మల్కారం చెరువు ఉంది, డంపింగ్ యార్డులోంచి కారే నల్లనీళ్లు కలిసి పాడైపోయిన చెరువు. ఆ నల్లనీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి అంది పెద్దది. మనం కవర్లో మూటకట్టి పడేసే అన్నం, కూర తొక్కలు, పండ్ల తొక్కలు గాలాడకుండా కుళ్లితే వచ్చేవే అవి, మీథేన్ గ్యాస్ పుట్టేదీ అలాగే, ఎండాకాలం డంపింగ్ యార్డులు అంటుకోవడానికి అదొక కారణం అని చెప్పా. పెద్దది లేచెళ్లి వంటింట్లో తడి చెత్త బుట్టలోకి తొంగిచూసి టీ పౌడర్ ప్యాకెట్ బయటికి తీసింది, నేను చెప్పకుండానే.

స్కూళ్లలో పచ్చ డబ్బా, నీలం డబ్బా బొమ్మలేయించి చార్టులు కట్టిస్తారు, మంచిదే, కానీ డబ్బా దగ్గరికి వచ్చేసరికి ఆ ప్యాకెట్ ఆల్రెడీ మనింట్లో ఉంది కదా. అసలు నేర్పాల్సింది కిరాణా కొట్టు దగ్గర అని నాకు గట్టిగా అనిపిస్తుంది. అందుకే సాయంత్రం చెరో 20 రూపాయలిచ్చి మీకేం కావాలో మీరే కొనుక్కోండి, ఖాళీ అయ్యాక దాన్నేం చేస్తారో మాత్రం ముందే చెప్పాలి అన్నా. పెద్దది బండి మీద జామకాయలు తీసుకుంది, ఆయన అలవాటుగా పల్చటి కవర్ అందుకోబోతుంటే వద్దంకుల్ అని సంచీ చాపింది, 120 మైక్రాన్లకంటే పల్చటి క్యారీబ్యాగులు 2022 చివర్నుంచే బ్యాన్ అయినా ప్రతి బండి మీదా అవే వేలాడుతుంటాయి. చిన్నోడు చాలాసేపు ఆలోచించి చిప్సే కొన్నాడు. నేను ఆపలేదు, వాడికి వాడుగా "దీన్ని కబాడీ అన్న తీసుకోడు" అని చెప్పి కొన్నాడు, ఏడేళ్ల పిల్లాడికి ఇప్పటికి అది చాలు.

వచ్చే వారం పెద్దదాని బర్త్‌డే. ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు, డెకరేషన్ థర్మకోల్ 2022 జులై 1 నుంచే నిషేధం కాబట్టి వాటి గొడవ లేదు, స్టీలు ప్లేట్లు పక్కింటి పిన్నిగారి దగ్గర తీసుకుంటాం. క్లాసులో పంచే చాక్లెట్ల దగ్గరే ఆగిపోయింది, అంతమందికీ అన్ని రేపర్లా అని తనే అడిగింది. నువ్వుల ఉండలు చేసి స్టీలు డబ్బాలో పంపిస్తా అన్నా, ఇంట్లో చేసినవి స్కూల్లో ఒప్పుకుంటారో లేదో రేపు టీచర్‌ని తనే కనుక్కుంటుందట.