కార్టిసోల్‌ని ఆపేస్తే డిప్రెషన్ పోతుందా?

బెంగళూరు మారతహళ్లిలో మా పీజీలో ఈమధ్య ఏ మాట మొదలైనా కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్ దగ్గరికే వస్తోంది. మొహం ఉబ్బితే కార్టిసోల్, నిద్ర పట్టకపోతే కార్టిసోల్, సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అదీ కార్టిసోలే. పక్క గదిలో ఉండే నెల్లూరు కుర్రాడు ఇంకో అడుగు ముందుకేసి, "అన్నా, దాని రిసెప్టర్‌నే బ్లాక్ చేసే మందు ఉందంట కదా, వేసుకుంటే టెన్షన్, డిప్రెషన్ రెండూ పోతాయి కదా" అన్నాడు.

మందు ఉన్న మాట నిజమే. పేరు మిఫెప్రిస్టోన్, 1980లో ఫ్రాన్స్‌లో తయారైంది, మనవాళ్లకి మాత్రం అబార్షన్ మాత్రగానే తెలుసు. కార్టిసోల్ అతుక్కునే గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్‌ని కూడా అది మూసేస్తుంది. ఒంట్లో కార్టిసోల్ అతిగా ఉండే కుషింగ్స్ సిండ్రోమ్ వాళ్లలో డిప్రెషన్ చాలా ఎక్కువ కాబట్టి, భ్రమలతో కూడిన తీవ్రమైన డిప్రెషన్‌కి దీన్ని ఇచ్చి చూశారు. చిన్న ట్రయల్స్ ఆశపెట్టాయి, పెద్దవాటిలో డమ్మీ మాత్ర కంటే మెరుగని తేలలేదు. 2012లో అమెరికాలో దీనికి కొత్తగా అనుమతి వచ్చింది కుషింగ్స్‌లో పెరిగే షుగర్‌కి, డిప్రెషన్‌కి కాదు.

ఎందుకిలా? ఒంట్లో కార్టిసోల్ సరిపడా ఉందా లేదా అన్నది మెదడుకి తెలిసేదే ఆ రిసెప్టర్ల ద్వారా. వాటిని మూసేస్తే మెదడు తక్కువైందనుకుని ఇంకా తయారు చేయిస్తుంది, రక్తంలో కార్టిసోల్ పెరుగుతుంది. పెరిగినదేమో మినరలోకార్టికాయిడ్ అనే రెండో రిసెప్టర్ మీద పడుతుంది, దాంతో పొటాషియం పడిపోవచ్చు, బీపీ పెరగొచ్చు. తమాషా ఏంటంటే, ఈ రెండో రిసెప్టర్‌ని మూయకుండా ఉత్తేజపరిచే మందుని ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందుతో కలిపి ఇచ్చిన ఒక జర్మన్ అధ్యయనంలో, గుణం కనిపించినవాళ్లకి అది త్వరగా కనిపించింది!

నాకు వీటన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది మన బెంగళూరులోనే, ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో సుమంత్ర చటర్జీ బృందం 2002లో ప్రచురించిన పని. ఎలుకలని రోజూ కాసేపు కదలనివ్వకుండా బంధించి చూస్తే, జ్ఞాపకాలకి ముఖ్యమైన హిప్పోక్యాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోయాయి, భయాన్ని నడిపే అమిగ్డాలాలో అవే కొమ్మలు ఇంకా గుబురుగా పెరిగాయి. ఒత్తిడి ఒకటే, తల ఒకటే, ఫలితాలు మాత్రం ఎదురెదురు. పైగా 2004లో అదే బృందం ప్రచురించిన పనిలో, ఒత్తిడి ఆపేసి 21 రోజులు ప్రశాంతంగా వదిలేస్తే హిప్పోక్యాంపస్ కోలుకుంది గానీ అమిగ్డాలాలో పెరిగినది అలాగే ఉండిపోయింది. ఒళ్లంతా ఒకేసారి తిరిగే మాత్ర ఒక చోట మేలు చేసి ఇంకో చోట ఏం చేస్తుందో ఎవరు చూడాలి?

కుర్రాడికి ఇదంతా చెప్తే, "అయితే నాకేం దారి అన్నా" అన్నాడు, ఈసారి నవ్వకుండా. నిద్ర సరిగా పట్టడం లేదట, కొన్ని వారాలుగా దేని మీదా మనసు నిలవడం లేదట. సోమవారం ఇద్దరం లీవ్ పెట్టి మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఓపీకి వెళ్తున్నాం.