అన్నీ కుప్పకూలాల్సిందేనా?

మా గుంటూరులో మిర్చి యార్డుకి సరుకు రావడం మొదలైతే చాలు, పేపర్లో ఏదో ఒక రోజు ‘కుప్పకూలిన మిర్చి ధర’ అన్న హెడ్డింగు ఖాయం. ఆ మాట అక్కడ నాకు అస్సలు నప్పదనిపిస్తుంది.

కుప్పకూలడమంటే నిలబడ్డది నిలబడ్డచోటే ఒక్కసారిగా పోగులా పడిపోవడం. వడదెబ్బ తగిలిన మనిషి కుప్పకూలతాడు. గాలికి పక్కకి పడిన చెట్టు మాత్రం కుప్పకూలదు, నేలకొరుగుతుంది. 2020 డిసెంబరులో అడిలైడ్‌లో మనవాళ్లు 36 పరుగులకే కుప్పకూలారంటే ఎవరూ కాదనలేరు, ఒక్కడు కూడా రెండంకెలు చేరలేదు మరి. కానీ 2024 జూన్ 4న, అదే ఎన్నికల ఫలితాల రోజున, సెన్సెక్స్ రోజు ముగిసేసరికి ఆరు శాతం లోపే పడితే దానికీ ఇదే మాట వాడేశారు. ఆ కుప్ప కాస్తా జూన్ 7కల్లా లేచి కొత్త రికార్డు కొట్టింది!

మిర్చి సంగతికొస్తే, 2025 ఫిబ్రవరిలో కేంద్రం రైతుని ఆదుకోడానికి మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయల ధర ప్రకటించేదాకా వచ్చిందంటే అదేమీ ఒక్క పూటలో జరిగిన పని కాదు, నెలల తరబడి జారుతూ జారుతూ అక్కడికి చేరింది. యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) పక్కన నిలబడ్డ రైతుని కదిలించి చూడండి, ‘కూలింది’ అనడు, ‘రేటు పడగొట్టారు’ అంటాడు. ఎవరు పడగొట్టారో కూడా చెప్తాడు, కాయలో తేమ ఉందని, తాలు (రంగుపోయిన కాయ) ఎక్కువైందని వంకలు పెట్టినవాళ్లని వేలు పెట్టి చూపిస్తాడు. అతను చెప్పేదంతా నిజమేనా అంటే అది వేరే చర్చ, ఎగుమతులు తగ్గినా రేటు పడుతుంది. కానీ అతని మాటలో ఒక కర్త ఉన్నాడు, హెడ్డింగులో లేడు. దానంతటదే కూలిపోతే ఇక అడగడానికి ఎవరుంటారు?

ఇంట్లో పరిస్థితికి మా వైపు ఇంకో మాట ఉంది, చితికిపోవడం. టమాటా చితికినట్టు, రూపం ఇంకా ఉంటుంది, లోపలిదంతా కారిపోతూ ఉంటుంది. కౌలు కట్టాలి, కోత కూలీలకివ్వాలి, రేటొస్తుందని కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకుకి అద్దె, తెచ్చిన అప్పుకి వడ్డీ. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి మీదపడుతుంటే ఆ మనిషి కుప్పకూలడు, మళ్లీ విత్తనాల కోసం ఇంకో చోట అప్పు అడుగుతూ తిరుగుతుంటాడు.