ఇల్లు చూడ్డానికి వస్తున్నారంటే...

విజయనగరంలో మా పాత ఇల్లు అమ్మకానికి పెట్టి రెండు నెలలైంది. బేరం కంటే మా కుక్క టైగర్‌తో, పిల్లితోనే ఎక్కువ టెన్షన్. బ్రోకర్ ఫోన్ చేయగానే అమ్మ పిల్లిని బుట్టలో పెట్టుకుని పక్కింటి పిన్నిగారింటికి, నేను టైగర్‌ని తీసుకుని పెద్ద చెరువు గట్టు మీదికి.

మొదటిసారి ఇవేమీ చెయ్యలేదు. వచ్చినావిడ గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. రోజూ పీల్చే వాసన మనకెక్కడ తెలుస్తుంది! ఆ కంగారులో ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగేశాను. తర్వాత తెలిసింది, ఫినాయిల్‌లో ఉండే ఫినాల్స్ పిల్లులకి విషమని. వాటి కాలేయం దాన్ని సరిగా అరాయించుకోలేదట. పైగా పాదాలకి అంటుకున్నదంతా నాకేస్తాయి. గుండె ఝల్లుమంది. ఇప్పుడు వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచి, మూలల్లో వంటసోడా చల్లి ఊడుస్తున్నాం.

నిన్న ఒకాయన పెరట్లో జామచెట్టు చూస్తూ, "కుక్క ఉందామ్మా మీకు?" అని అడిగారు. దాని గిన్నె దాచడం మర్చిపోయాం మరి. అమ్మ ఉన్నదున్నట్టు చెప్పేసింది. వాళ్లింట్లో రెండున్నాయట!

బేరం ఇంకా తేలలేదు. పిల్లి మాత్రం బుట్ట కనిపిస్తే చాలు, అటక ఎక్కేస్తోంది.