కోసేసిన 18 గంటలు తిరిగి రాబట్టుకున్నాను

నిన్న సాయంత్రం బ్యాంకు మెసేజ్ వచ్చింది. నవంబర్ బిల్లులో కోసేసిన 18 గంటల డబ్బు మొత్తం పడింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

హన్మకొండ నయీంనగర్‌లో మా ఇంటి నుంచే పని చేస్తాను. హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. వాళ్ల క్లయింట్ న్యూయార్క్‌లో ఉంటాడు. నాకు నెల జీతం లేదు, గంటల లెక్కే. మొదట్లో ఫోన్‌లో టైమర్ యాప్ పెట్టుకున్నాను. ఒక రాత్రి ఆపడం మర్చిపోయి పడుకుంటే తెల్లారేసరికి 11 గంటలు చూపించింది. ఆ రోజే తీసేశాను.

మా తాత ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. మిల్లు హాజరు మిల్లుదే, తన జేబులో మాత్రం ఒక చిన్న పుస్తకం ఉండేది. ఎక్కిన షిఫ్టు, దిగిన షిఫ్టు అందులో రాసుకునేవాడు. నేను అదే పని కంప్యూటర్‌లో, విండోస్ నోట్‌ప్యాడ్‌లో చేస్తున్నాను. ఫైల్ మొదటి లైన్‌లో ఒక చుక్క, దానికి ఆనించి ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఎల్, ఓ, జీ టైప్ చేసి సేవ్ చేయాలి. ఆ తర్వాత ఫైల్ తెరిచిన ప్రతిసారీ చివర్లో టైం, తేదీ దానంతటదే పడుతుంది. తెరిచే ఉంటే ఎఫ్5 నొక్కితే చాలు. పక్కన ఏం పని మొదలుపెట్టానో నాలుగు మాటలు రాస్తాను. రాత్రి ఆ రోజు లైన్లన్నీ మా టీమ్ లీడ్‌కు మెయిల్ చేస్తాను. ఇంతవరకు ఏ కష్టమూ లేదు.

డిసెంబర్ మొదటి వారంలో గ్రూప్ కాల్ పెట్టారు. ఎనిమిది మందిమి ఉన్నాం. అకౌంట్స్ సార్ నా లెక్క స్క్రీన్ మీద పెట్టి అన్నాడు: "ఏమ్మా, రోజూ ఆరున్నరకు మీటింగ్ ఉంటది కదా. అదే టైంల టెస్టింగ్ అని రాసినవ్. మళ్ల ఏడున్నరకు మీటింగ్ అంటవ్. ఒక్క గంటను రెండుసార్లు అమ్ముతున్నవా?"

"మీటింగ్ ఏడున్నరకు మారింది సార్" అన్నాను.

"ఎవరు మార్చిన్రు? మెయిల్ ఏది?"

మెయిల్ లేదు. ఎవరూ పంపలేదు. ఆ మీటింగ్‌లో రోజూ స్క్రీన్ మీద నా ఎదురుగా ఉండే లీడ్ మ్యూట్ తీయలేదు. వంటింట్లో అమ్మ రొట్టె చరుస్తున్న చప్పుడు ఆగిపోయింది. స్పీకర్‌లో అంతా విన్నది. "ఏమైంది బిడ్డా, దొంగలెక్క అంటుండా?" అని అడిగితే నాకు ఏడుపు ఆగలేదు. ఇంట్లో ఉండి పనిచేసే ఆడపిల్ల గంటలంటే అందరికీ అనుమానమే. ఆఫీసులో కుర్చీ వేడెక్కించేవాడి గంటలను మాత్రం ఎవడూ అడగడు.

ఆ రాత్రి ఫైల్ మొదటి నుంచి చదివాను. అక్టోబర్ అంతా మీటింగ్ 18:30కే ఉంది. నవంబర్ 3, సోమవారం నాడు ఈ లైన్ కనిపించింది: "18:28 మీటింగ్ లింక్ తెరిచా, ఎవరూ లేరు. క్యాలెండర్ 7:30 అంటోంది. మళ్లీ టెస్టింగ్." అంతకు ముందు రోజు ఆదివారం, నవంబర్ 2. అమెరికాలో ఏటా చలికాలానికి గడియారాలు గంట వెనక్కి తిప్పే రోజు. వాళ్లకు మీటింగ్ ఎప్పటిలాగే ఉదయం 9 గంటలకే. మన గడియారం మారదు కాబట్టి మనకది ఆరున్నర నుంచి ఏడున్నరకు జరిగింది. మీటింగ్‌ను ఎవరూ మార్చలేదు, అందుకే మెయిల్ లేదు. సార్ షీట్‌లో మాత్రం ఆరున్నర అలాగే ఉండిపోయింది. మీటింగ్ జరిగిన 18 రోజులకూ రోజుకో గంట కొట్టేశారు.

అక్టోబర్ లైన్లు రెండు, నవంబర్ లైన్లు రెండు, క్యాలెండర్ ఫొటో, రెండు దేశాల టైం పక్కపక్కన వేసి మెయిల్ పెట్టాను. ఆ ఎనిమిది మందికీ కాపీ పెట్టాను. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది, "రివైజ్డ్" అని ఒక్క మాట. సారీ లేదు.

గంటల లెక్కన పనిచేసేవాళ్లు మీ ఫైల్ మీరు రాసుకోండి. తేదీ పక్కన ప్లస్ 05:30 అని వేస్తే అది మన టైం అని ఎవరికైనా తెలుస్తుంది. 7 గంటల 45 నిమిషాలను 7.45 అని బిల్లులో వేయకండి, 45 నిమిషాలంటే ముప్పావు గంట కాబట్టి అది 7.75. అలా రోజుకు 18 నిమిషాలు పోతాయి, 22 రోజులకు ఆరున్నర గంటలు దాటుతుంది. హెచ్‌లెడ్జర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో 15 నిమిషాలకు ఒక చుక్క పెట్టే పద్ధతి కూడా ఉంది. మొత్తం తొందరగా తేలుతుంది కానీ నాకు నచ్చలేదు. ఎన్ని గంటలన్నది చుక్కలు చెబుతాయి, ఎప్పుడన్నది చెప్పవు. నన్ను నిలబెట్టింది ఆ 18:28.

2026 మార్చి 8 ఆదివారం అమెరికాలో గడియారాలు మళ్లీ గంట ముందుకు పోతాయి. ఈసారి మెయిల్ ముందే రాసి పెట్టాను. మార్చి 9 నుంచి మీటింగ్ ఆరున్నరకు అని. మొదటి పేరు అకౌంట్స్ సార్‌దే.