నీలి షీటు కింద తెలుగు వాచకం

ఈ రోజు ఆదివారం. పొద్దున హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక స్టేషనరీ దుకాణంలో, ప్రాజెక్టు ఫైళ్లకు వేసే పలుచని ప్లాస్టిక్ షీట్లు ఐదు రంగుల్లో ఒక్కొక్కటి కొన్నాను.

ఐదో తరగతి చదువుతున్న మా అమ్మాయి వాచకం తెరిచిన కాసేపటికే కళ్లు నులుముకుంటూ, "బాపూ, ఒత్తులన్నీ కిందికి జారుతున్నయ్" అంటుంది. చదువు ఎగ్గొట్టడానికి సాకు చెబుతోందనుకుని మొదట్లో కసురుకున్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. కంటి డాక్టరు చుక్కల మందు వేసి పరీక్షించి, చూపులో లోపమేమీ లేదన్నారు. ఒక కళ్లద్దాల దుకాణంలో మాత్రం పది నిమిషాలు చూసి, రంగు అద్దాలు పెట్టుకుంటే చదువు దానంతట అదే వస్తుందని చెప్పి, నా సగం జీతమంత ధర అడిగారు. ఆ మాట మింగుడుపడక రెండు వారాలుగా ఈ విషయమే చదువుతున్నాను.

తెల్ల కాగితం మీది అక్షరాలు కొందరికి కదులుతున్నట్టు కనిపిస్తాయని, రంగు ఫిల్టరు వేస్తే కుదురుకుంటాయని 1980లో న్యూజిలాండ్‌లో ఆలివ్ మేర్స్, 1983లో అమెరికాలో హెలెన్ ఇర్లెన్ చెప్పారు. అచ్చు వరుసలు చారల్లా ఉండి మెదడులోని దృష్టి భాగాన్ని అతిగా రేపుతాయని బ్రిటన్ శాస్త్రవేత్త ఆర్నాల్డ్ విల్కిన్స్ వివరణ. అయితే చదవడంలోని ఇబ్బందికి రంగు అద్దాలు చికిత్స అనడానికి తగిన ఆధారం లేదని 2009లో అమెరికా పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు కలిసి ప్రకటించాయి. నాకు ఈ సంఘాల మాటే బరువుగా తోచింది గానీ, బిడ్డ కళ్లు నులుముకోవడం కళ్లారా చూస్తూ షీటు కూడా వేసి చూడకుండా ఉండలేకపోయాను.

మధ్యాహ్నం పాఠం మీద ఒక్కో షీటు పరిచాను. పసుపును వెంటనే తోసేసింది, గులాబీకి మొహం చిట్లించింది, లేత నీలం మీద మాత్రం వేలు ఆనించి ఆగింది. నిమిషానికి షీటు లేకుండా 41 మాటలు, నీలం కింద 47 చదివింది. సంబరపడేలోపే వేరే పేజీలో ముందు షీటుతో, తర్వాత షీటు తీసేసి చదివిస్తే, షీటు లేకుండానే 46 వచ్చాయి. ఆరు మాటల తేడాకు సగం జీతం పోసేవాణ్నే కదా అనుకున్నాను.

మా పాత చోక్ ట్యూబ్‌లైటు సెకనుకు వంద సార్లు మినుకుమంటుంది. అలాంటి మినుకు లేని దీపాలు పెట్టినప్పుడు ఆఫీసు ఉద్యోగుల తలనొప్పులు సగానికి పైగా తగ్గాయని విల్కిన్స్ బృందమే 1989లో చూపింది. అందుకే సాయంత్రం ముందుగా ఆ లైటు మార్చించాను. బిగ్గరగా చదివించే అరగంటను మాత్రం తగ్గించలేదు.

రాత్రి చూస్తే నీలి షీటు మూలన స్కెచ్ పెన్నుతో పేరు రాసుకుని బ్యాగులో పెట్టుకుంటోంది. "టీచరు అడిగితే ఏం చెప్తవు బిడ్డా?" అన్నాను.

"పుస్తకానికి అట్ట అని చెప్త."