దాచడానికి కష్టమయ్యేది పిడి: డాలస్‌లో నా చిన్న పిస్టల్ ఎంపిక

టెక్సస్‌లో 21 ఏళ్లు నిండి, చట్టప్రకారం తుపాకీ కలిగి ఉండడానికి అర్హత ఉన్నవారు 2021 సెప్టెంబరు 1 నుంచి లైసెన్సు లేకపోయినా పిస్టల్‌ను వెంట ఉంచుకొని తిరగవచ్చు. అయితే మనవాళ్లలో చాలామందికి ఆ అర్హత దగ్గరే దారి మూసుకుపోతుంది. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాపై ఉన్నవారు తుపాకీ గాని తూటా గాని కలిగి ఉండడాన్ని అమెరికా సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. కాల్పుల సాధన చేసే రేంజిలో అద్దెకు తీసుకొని కాల్చడం కూడా ఆ నిషేధం కిందికే వస్తుంది. వేట లైసెన్సు వంటి మినహాయింపులు కొన్ని ఉన్న మాట నిజమే కాని, స్నేహితుడి భరోసా మీద వాటిని నమ్ముకొని దుకాణానికి వెళ్లడం కంటే ఒక న్యాయవాదికి రుసుము చెల్లించి అడగడం మేలు. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఈ సరదాను పక్కన పెట్టాను. వచ్చిన తరువాత దుకాణంలో 4473 అనే ఫారం నింపినప్పుడు గ్రీన్ కార్డు మీది ఏలియన్ (విదేశీయుల) నంబరును కూడా రాయవలసి వచ్చింది.

లైసెన్సు తప్పనిసరి కాకపోయినా తీసుకున్నాను, ఎందుకంటే చుట్టుపక్కల రాష్ట్రాలు దానిని గుర్తిస్తాయి. పైగా ఆ తరగతిలో, ఏ సందర్భంలో బలప్రయోగాన్ని చట్టం సమర్థిస్తుందో, ఏ సందర్భంలో సమర్థించదో కూర్చోబెట్టి చెబుతారు. కాల్పుల పరీక్షలో 50 తూటాలు కాల్చాలి: 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. మొత్తం 250 మార్కులకు 175 వస్తే ఉత్తీర్ణులైనట్టే. రేంజికి అలవాటుపడినవారికి అది కష్టమైన పరీక్ష కాదు, కాబట్టి అందులో నెగ్గినంత మాత్రాన చేయి తిరిగినట్టు భావించనక్కరలేదు.

ఇక అసలు ఎంపిక. నా ముందున్న షరతులు మూడు: డాలస్ వేసవిలో పలుచటి చొక్కా తప్ప మరేమీ వేసుకోలేము, నా అరచేయి చిన్నది, ఇంట్లో చిన్నపిల్ల ఉంది. మూడవది ఎంపికకు కాక భద్రపరచడానికి సంబంధించినది కనుక దానిని తరువాత చెబుతాను. తూటా విషయంలో ఎక్కువ ఆలోచించలేదు. 9 ఎంఎం తూటా చౌక, ఎక్కడైనా దొరుకుతుంది, తన్ను (పేలినప్పుడు చేతికి తగిలే వెనుక దెబ్బ) అదుపులో ఉంటుంది, అమెరికాలో ఎఫ్‌బీఐ కూడా ఇంతకంటే పెద్దదైన .40 తూటాను వదిలి మళ్లీ దీనికే వచ్చింది. ఇదే 9 ఎంఎం భారతదేశంలో పౌరులకు నిషిద్ధ బోరు అని తెలిసిన హైదరాబాదు బాబాయి మాత్రం, నేను దీనిని దుకాణంలో మామూలుగా కొన్నానంటే ఇప్పటికీ నమ్మడు.

మొదట అందరూ చెప్పేది గ్లాక్ 19. 1988 నుంచి ఉన్న పిస్టల్, 15 తూటాలు, 4 అంగుళాల బ్యారెల్ (గొట్టం), రేంజిలో దానితో కాల్చినంత హాయిగా మరి దేనితోనూ కాల్చలేదు. అయితే నడుము దగ్గర పెట్టుకొని అద్దం ముందు నిలబడితే, కుర్చీలోంచి లేచేటప్పుడూ కిందపడిన తాళంచెవి తీసుకోవడానికి వంగినప్పుడూ చొక్కా వెనుక ఒక మూల పొడుచుకొని కనిపించింది. ఆ మూల ఏ భాగానిదో వేలితో తడిమి చూస్తే ఈ ఎంపికలోని చిక్కంతా అర్థమవుతుంది. బ్యారెల్, దాని మీద ముందుకూ వెనక్కీ కదిలే స్లైడ్ ప్యాంటు లోపలికి దిగిపోతాయి. అవి మరో అంగుళం పొడుగున్నా బయటివారికి తెలియదు. బెల్టుకు పైన మిగిలేది పిడి ఒక్కటే, చొక్కాను పొడిచేది దాని మడమ. అందువల్ల ప్రచార కరపత్రంలో బ్యారెల్ పొడవును కాక, పిస్టల్ ఎత్తును, మందాన్ని ముందు చూడాలి.

ఆ లెక్కతో చూస్తే పట్టిక తారుమారవుతుంది. గ్లాక్ 43ఎక్స్ చిన్నదని పేరు పొందింది గాని, దాని ఎత్తు 5.04 అంగుళాలు, అంటే ఇప్పటి గ్లాక్ 19 ఎత్తుతో సమానం. తగ్గింది మందం, దానితోపాటు తూటాలు 10కి తగ్గాయి. గ్లాక్ 26 ఎత్తు 4.17 అంగుళాలే కాని 19 అంత లావుగానే ఉంటుంది. 2018లో వచ్చిన సిగ్ సావర్ పీ365 ఎత్తు 4.3, మందం ఒక అంగుళానికి కాస్త పైన, 10 తూటాలు. అంత సన్నటి పిడిలో రెండు వరుసలకు దగ్గరగా తూటాలను ఇమిడ్చిన మ్యాగజైనే (తూటాలు నింపే డబ్బాయే) ఆ తరువాత వచ్చిన పోటీ పిస్టళ్లకు దారి చూపింది. దాని అన్నగారైన పీ365 ఎక్స్‌ఎల్ ఎత్తు 4.8, బ్యారెల్ 3.7 అంగుళాలు, 12 తూటాలు, బరువు 590 గ్రాములకు కాస్త అటూ ఇటూ. స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్ 4.6 అంగుళాల ఎత్తుతో ఈ రెండింటి మధ్యన నిలుస్తుంది.

ఎత్తు తగ్గేకొద్దీ మేలు అనిపించవచ్చు. అద్దం ముందు అది నిజం, రేంజిలో కాదు. పీ365ను అద్దెకు తీసుకొని కాల్చినప్పుడు నా చిటికెన వేలికి పట్టు దొరకక మ్యాగజైన్ అంచు కింద గాలిలో వేలాడింది. ప్రతి తూటాకూ పిడి అరచేతిలో కాస్త జరిగి, రెండవ తూటాకు ముందు పట్టు సర్దుకోవలసి వచ్చింది. తేలికైన పిస్టల్ ఎక్కువగా తన్నుతుందని పుస్తకాల్లో చదవడం వేరు, ఒక పెట్టె ముగిసేసరికి బొటనవేలి మొదట్లో చర్మం ఎర్రబడడం వేరు. ఎక్స్‌ఎల్‌తో చిటికెన వేలు పిడి మీదే ఆగింది. స్లైడ్ పొడవుగా ఉండడం వల్ల ముందు గురికీ వెనుక గురికీ మధ్య దూరం పెరిగి, 7 గజాల దగ్గర తూటాలన్నీ అరచేతి వెడల్పులోకి వచ్చాయి. షీల్డ్ ప్లస్ ట్రిగ్గర్ నాకు ఎక్కువ నచ్చిందని కూడా చెప్పాలి. అయినా పట్టు విషయంలో ఎక్స్‌ఎల్ నెగ్గింది, అదే కొన్నాను. నా భార్యకు స్లైడ్ లాగడం కష్టమైతే షీల్డ్ ఈజెడ్ చూడమని దుకాణదారు సూచించాడు కాని, పిడికిలితో మీదినుంచి స్లైడ్‌ను పట్టుకొని, పిస్టల్‌ను ముందుకు నెట్టే పద్ధతి చూపించాక ఆమెకు దాని అవసరం రాలేదు.

పిస్టల్ కొన్నాక మిగిలిన డబ్బు హోల్‌స్టర్‌కు (పిస్టల్ ఒరకు), బెల్టుకు పోయింది, పోవాలి కూడా. మామూలు తోలు బెల్టు ఈ బరువుకు వంగిపోయి పిడిని బయటికి వాల్చేస్తుంది. నేను ఎంచుకున్నది కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్. ట్రిగ్గర్ గార్డును పూర్తిగా కప్పి ఉంచుతుంది, పక్కన ఉన్న చిన్న రెక్క బెల్టును ఆనుకొని పిడిని పొట్టవైపు నెడుతుంది. ఆ రెక్క చేసే మేలు ఒక అర అంగుళం తక్కువ ఎత్తుతో సమానం. హోల్‌స్టర్ లేకుండా జేబులోనో సంచిలోనో పిస్టల్ పెట్టుకోవడం మాత్రం ఎవరు ఎంత అనుభవం చెప్పినా ఒప్పుకోకూడని పని. తిరిగి పెట్టేటప్పుడు చొక్కా అంచు ట్రిగ్గర్ దగ్గరికి రాకుండా కళ్లతో చూస్తూ నిదానంగా పెట్టాలి. ఆ పనికి తొందర ఎప్పుడూ ఉండదు. మన పండుగ బట్టల సంగతి కూడా చూశాను: లాల్చీ ఏ పిస్టల్‌నైనా దాచేస్తుంది గాని, నాడా కట్టిన పైజామాకు హోల్‌స్టర్ నిలవదు. కాబట్టి ఉగాదికి పిస్టల్ ఇంట్లోనే ఉంటుంది.

గుడికి కూడా తీసుకువెళ్లను. టెక్సస్‌లో ఆ స్థలం యజమాని 30.05, 30.06, 30.07 అంకెలున్న బోర్డులు పెడితే లోపలికి తీసుకువెళ్లకూడదు. మొదటిది లైసెన్సు లేనివారికి, రెండవది లైసెన్సుతో దాచి ఉంచుకున్నవారికి, మూడవది లైసెన్సుతో బయటికి కనిపించేలా పెట్టుకున్నవారికి వర్తిస్తుంది. ఎరుపు రంగులో 51 శాతం అని ఉన్న బోర్డు మద్యం మీదనే ప్రధానంగా నడిచే చోట్లకు గుర్తు, అక్కడ లైసెన్సు ఉన్నా కుదరదు. పాఠశాలలు, పోస్టాఫీసులు సరేసరి.

ఇంట్లో ఉన్నప్పుడు పిస్టల్ నడుము మీద లేకపోతే వేలిముద్రకో అంకెలకో తెరుచుకునే చిన్న ఇనుప పెట్టెలోనే ఉంటుంది, మూడో చోటు లేదు. 17 ఏళ్లలోపు పిల్లలకు అందేలా తుపాకీని అజాగ్రత్తగా వదిలేయడం టెక్సస్‌లో నేరం. దుకాణం పిస్టల్‌తోపాటు ఇచ్చే తీగ తాళం రవాణాకు సరిపోతుంది గాని, రోజువారీ వాడకానికి పెట్టెను మించినది లేదు.

ప్రస్తుతం సాధన రెండు ముక్కలుగా సాగుతోంది. ఇంట్లో తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, చాంబర్ (తూటా పేలే అర) ఖాళీగా ఉన్నట్టు కంటితోనూ వేలితోనూ సరిచూసి, గట్టి ఇటుక గోడ వైపు తిప్పి ఖాళీ ట్రిగ్గర్ నొక్కడం. గురి కదలకుండా ట్రిగ్గర్ పడేదాకా అదే పని. రేంజిలో భార్య నాకు తెలియకుండా మ్యాగజైన్‌లో అక్కడక్కడ ఉత్తుత్తి తూటాలు కలిపి ఇస్తుంది. పేలని తూటా వచ్చినప్పుడు పిస్టల్ మూతి కిందికి వాలితే, తన్నుతుందని చేయి ముందే బిగుసుకుంటున్నదని వెంటనే తెలిసిపోతుంది. కుడిచేతివాటం వారి తూటాలు గురికి కిందుగా ఎడమవైపు పడడానికి సాధారణ కారణం ఇదే. ఈ మధ్య ఆ వాలడం తగ్గింది, పూర్తిగా పోలేదు.

రోజూ పెట్టుకోవడం ఇంకా మొదలుపెట్టలేదు. సాధనకు వాడే 115 గ్రెయిన్ల బరువున్న మామూలు తూటాలు ఆటంకం లేకుండా నడుస్తున్నాయి. వెంట ఉంచుకోవడానికి అనుకున్నవి 124 గ్రెయిన్ల హాలో పాయింట్ తూటాలు. వాటి కొన గుంటగా ఉంటుంది కాబట్టి కొన్ని పిస్టళ్లు వాటిని చాంబర్‌లోకి ఎక్కించేటప్పుడు తడబడతాయి. మామూలు వాటికంటే ఖరీదే అయినా, ఉన్న రెండు మ్యాగజైన్లతోనూ కొన్ని పెట్టెలు ఇరుక్కోకుండా కాల్చాకే పిస్టల్ ఇంటి గడప దాటుతుంది. వచ్చే రేంజి రోజు ఆ పనికే.