1.8 టర్బోలో ఫోర్జ్‌డ్ కనెక్టింగ్ రాడ్లు: ఏవి కొనాలి, ఎలా కొలవాలి, బోల్టులు ఎలా బిగించాలి

ఫోక్స్‌వ్యాగన్ గ్రూపువారి 20 వాల్వుల 1.8 టర్బో ఇంజన్ గురించి ట్యూనర్లు ఎప్పుడూ అనే మాట ఒకటుంది: బ్లాకు గట్టిదే, క్రాంకు గట్టిదే, రాడ్లే (పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కడ్డీలే) పీల. మన దగ్గర అమ్మిన మొదటి తరం ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో ఉన్నది ఈ కుటుంబం ఇంజనే, 150 హార్స్‌పవర్‌ది. స్టాక్ (కంపెనీ ఇచ్చిన) టర్బో మీద మామూలు రీమ్యాప్‌తో, అంటే ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడంతో సరిపెట్టుకునేవాళ్ళకు రాడ్ల జోలికి వెళ్ళే పని లేదు. పెద్ద టర్బో పెట్టి టార్క్ 400 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలకు తీసుకెళ్ళాలంటే మాత్రం ముందు రాడ్లు మార్చాలి, ఆ తర్వాతే బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెంచాలి.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. బోరు 81 మి.మీ., స్ట్రోకు 86.4, రాడ్డు పొడవు కేంద్రం నుంచి కేంద్రానికి 144. పిస్టన్ వైశాల్యం దాదాపు 51.5 చ.సెం.మీ. సిలిండర్‌లో మంట ఒత్తిడి 100 బార్ తాకిందంటే రాడ్డు మీద 5 టన్నులకు పైగా బరువు పడ్డట్టే. అది రాడ్డును నిలువునా నొక్కుతుంది. దీనికి ఎదురు లాగేది పిస్టన్ జడత్వం. పిస్టన్, పిన్ను, రింగులు కలిపి 450 గ్రాములు అనుకుంటే, 7000 ఆర్‌పీఎమ్ దగ్గర టాప్ డెడ్ సెంటర్‌లో (పిస్టన్ అన్నిటికన్నా పైన ఉండే చోట) ఆ లాగుడు సుమారు 1.4 టన్నులు. 3000 దగ్గర పావు టన్ను మాత్రమే. అంటే తక్కువ ఆర్‌పీఎమ్‌లో ఫుల్ బూస్ట్ వచ్చినప్పుడు మంట దెబ్బలో దాదాపు అంతా రాడ్డే మోయాలి. నిలబెట్టిన చీపురుపుల్లను అరచేత్తో నొక్కితే మధ్యలో వంగినట్టు రాడ్డు వంగేది ఇక్కడే. ఐదో గేరులో 2800 దగ్గర యాక్సిలరేటర్ అదిమేసేవాళ్ళ ఇంజన్లే ఎక్కువ పోవడానికి కారణం ఇదే.

ఆర్‌పీఎమ్ చేసే నష్టం వేరు. 7000 నుంచి 8000కి వెళ్తే లాగుడు 30 శాతం పెరుగుతుంది. ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర్లో పైన మంట ఉండదు కాబట్టి ఆ లాగుడంతా రాడ్డు కింది కొసను క్రాంకు చుట్టూ మూసే క్యాపు బోల్టుల మీదే పడుతుంది. బోల్టు తెగితే రాడ్డు బ్లాకు గోడకి కిటికీ పెట్టి బయటికొస్తుంది. టార్క్ కోసం కడుతున్నామా, రెవ్స్ కోసం కడుతున్నామా అన్నది తేలితేనే రాడ్డు ఎంపిక, బోల్టు ఎంపిక తేలుతాయి.

"ఫోర్జ్‌డ్" అన్న ముద్ర చూసి మురిసిపోనక్కర్లేదు. కంపెనీ రాడ్లూ చాలావరకు ఫోర్జింగ్‌తో వచ్చినవే. తేడా ఉండేది ఉక్కులో, మధ్య భాగం మందంలో, బోల్టులో. మంచి రాడ్లు 4340 ఉక్కువి. మన లేత్ షాపుల్లో ఈఎన్ 24 అంటారే, దాదాపు అదే జాతి. 300ఎమ్ ఉక్కు ఇంకా గట్టిది, రోడ్డు కారుకి దాని ఖర్చు అనవసరం. రాడ్డు మధ్య భాగం హెచ్ ఆకారంలో ఉండాలా (హెచ్ బీమ్), ఐ ఆకారంలో ఉండాలా (ఐ బీమ్) అన్న వాదన ఎప్పటికీ తెగదు. 500 న్యూటన్ మీటర్ల లోపు ఏదైనా సరే, తయారీ నాణ్యతే ముఖ్యం. పేరులేని చవక సెట్లలో కనిపించే లోపాలు దాదాపు ఒకేలా ఉంటాయి: బిగ్ ఎండ్ (క్రాంకు వైపు కన్నం) గుండ్రంగా ఉండదు, నాలుగింటి బరువులూ కలవవు, స్మాల్ ఎండ్ (పిస్టన్ వైపు కన్నం) బుష్ వదులుగానో బిర్రుగానో ఉంటుంది. అన్నింటికన్నా ప్రమాదం, బోల్టు మీద అచ్చు వేసిన పేరు నకిలీది కావడం. రాడ్ల మీద డబ్బు మిగిల్చుకున్నా ఫరవాలేదు గానీ బోల్టు మీద మిగుల్చుకోకండి.

ఆర్డరు పెట్టే ముందు పిస్టన్ పిన్ను కొలవాలి. ఏఈబీ కోడ్ ఉన్నవాటి లాంటి తొలి ఇంజన్లలో పిన్ను 20 మి.మీ., తర్వాత వచ్చిన చాలావాటిలో 19. ఇంజన్ కోడ్ చూసి ఊహించొద్దు, మధ్యలో ఎవరు ఏ పిస్టన్లు వేశారో తెలియదు. స్టాక్ పిస్టన్లే ఉంచుతున్నట్టయితే స్మాల్ ఎండ్ వాలుగా చెక్కి ఉందా, తిన్నగా ఉందా అన్నది కూడా పిస్టన్ లోపలి ఆకారంతో సరిపోవాలి.

ఇంజన్ దించి హెడ్డు తీశాక, పిస్టన్లు బయటికి లాగకముందే ఒక్కొక్కదాన్నీ సరిగ్గా టాప్ డెడ్ సెంటర్‌కి తెచ్చి డెప్త్ మైక్రోమీటర్‌తో డెక్ (బ్లాకు పై తలం) నుంచి లోతు కొలవండి. నాలుగింటిలో ఒకటి మిగతావాటి కన్నా 0.2, 0.3 మి.మీ. కిందకి ఉంటే ఆ రాడ్డు ఇప్పటికే వంగిందన్న మాట. అలాంటి ఇంజన్ బయటికి మామూలుగానే నడుస్తుంది, కంప్రెషన్ టెస్టులో ఆ సిలిండర్ కాస్త తక్కువ చూపిస్తుందంతే. ఆ బోరులో పిస్టన్ స్కర్టు (కింది గోడ) ఒకవైపే గీరుకుపోయిందేమో కూడా చూడాలి. గీతలు గోరుకి తగిలితే కొత్త రాడ్లతో పని అయిపోదు, బోరింగ్ షాపుకి వెళ్ళాల్సిందే.

ఇక కొలతలు. ఈ పనిలో సగం ఇదే. క్రాంకు, రాడ్లు, బేరింగులు, మైక్రోమీటర్ అన్నీ ఒక రాత్రంతా ఒకే గదిలో ఉంచాలి. ఎండలో ఉన్న రాడ్డును ఏసీ గదిలోని క్రాంకుతో పోలిస్తే వందో వంతు మి.మీ. తేడా ఊరికే వచ్చేస్తుంది. రాడ్డును వైస్‌లో మెత్తని దవడల మధ్య పట్టి, షెల్స్ (రెండు సగాలుగా వచ్చే బేరింగ్ రేకులు) వేసి, బోల్టుల్ని చివరి బిగింపు దాకా బిగించి, డయల్ బోర్ గేజ్‌తో నిలువుగా, అంటే క్యాపు అతుకుకి 90 డిగ్రీలలో కొలవాలి. అతుకు దగ్గర కొలవొద్దు, షెల్స్ అక్కడ కావాలనే కాస్త వెడల్పుగా చేస్తారు. క్రాంకు జర్నల్‌ని (రాడ్డు కూర్చునే గుండ్రటి భాగాన్ని) రెండు దిక్కుల్లో, రెండు చోట్ల కొలిచి, గేజ్‌ని ఆ మైక్రోమీటర్ మీదే జీరో చేస్తే తేడా నేరుగా క్లియరెన్స్‌గా (ఆయిల్ నిలిచే ఖాళీగా) కనబడుతుంది.

జర్నల్ అడ్డుకొలతలో వెయ్యో వంతు క్లియరెన్స్ అన్నది పాత సూత్రం. ఈ క్రాంకుకి 47.8 మి.మీ. జర్నల్, అంటే 0.048. టర్బో రోడ్డు కారుకి 0.045 నుంచి 0.055 దాకా పెట్టుకుని 5డబ్ల్యూ-40 ఆయిల్ వాడితే సరిపోతుంది. బిర్రుగా వస్తే రేస్ బేరింగుల్లో 0.025 మి.మీ. అదనపు క్లియరెన్స్ ఇచ్చే షెల్స్ దొరుకుతాయి. ఒక సగం అది, ఒక సగం మామూలుది వేస్తే అందులో సగం తేడా వస్తుంది. క్యాపును ఎమరీ పేపరు మీద రుద్దడం, షెల్ వెనక కాగితం పెట్టడం లాంటి విద్యలు లారీ ఇంజన్‌లో నడిచి ఉండొచ్చు, ఇక్కడ నడవవు. ప్లాస్టిగేజ్ తీగ (నలిగిన వెడల్పుని బట్టి ఖాళీ చెప్పే ప్లాస్టిక్ తీగ) రెండోసారి సరిచూసుకోవడానికి మంచిదే, అసలు కొలతకి మాత్రం చాలదు. షెల్ నాలుక కొత్త రాడ్డులోని గాడికి సరిపోతోందా అన్నది కూడా ఇప్పుడే చూసుకోవాలి, కొన్ని కంపెనీ షెల్స్‌కి అసలు నాలుకే ఉండదు.

బోల్టుల సంగతి. కంపెనీ బోల్టులకి 30 న్యూటన్ మీటర్లు, ఆపైన 90 డిగ్రీలు. అవి సాగిపోయే రకం, ఒకసారి విప్పితే పారేయాలి. కొత్త రాడ్లతో వచ్చే ఏఆర్‌పీ కంపెనీ 2000 రకం బోల్టులకు ఈ లెక్క వర్తించదు. వీటిని టార్క్ రెంచితో కాక సాగుడు కొలిచి బిగించడమే సరైన పద్ధతి. రెంచి చూపించే అంకెలో ఎక్కువ భాగం మరల దగ్గర, తల కింద రాపిడికే పోతుంది. ఇంజన్ ఆయిల్ రాస్తే ఒక ఫలితం, బోల్టుతో ఇచ్చిన గ్రీజు రాస్తే ఇంకో ఫలితం. స్ట్రెచ్ గేజ్‌ని వదులుగా ఉన్న బోల్టు మీద జీరో చేసి, బిగిస్తూ తయారీదారు కాగితంలో ఉన్న సాగుడు వచ్చేదాకా పోవాలి. ఈ సైజు బోల్టులకు అది సాధారణంగా 0.13 నుంచి 0.16 మి.మీ. మధ్య ఉంటుంది, మీ పెట్టెలో కాగితం వేరే చెబితే కాగితానిదే మాట. కాగితంలో టార్క్ వచ్చేసినా సాగుడు రాకపోతే ఆపి, విప్పి, మరలు కడిగి, మళ్ళీ గ్రీజు రాయండి.

ప్రతి బోల్టు విడి పొడవునూ బిగించకముందే రాసిపెట్టుకోండి. తర్వాతెప్పుడైనా విప్పినప్పుడు అది 0.025 మి.మీ. పొడుగైందంటే దాని పని అయిపోయింది. ఏఆర్‌పీ వారి ఎల్19 రకం బోల్టులు ఇంకా గట్టివే గానీ చెమట చేతులతో ముట్టుకున్నా, తేమ తగిలినా లోపల పగుళ్ళు పుట్టే గుణం వాటికుంది. విజయవాడ ఉక్కపోతలో ఏళ్ళ తరబడి తిరిగే కారుకి అవి వద్దు.

బిగింపులో మిగతాది మామూలే. క్యాపు అంకె, రాడ్డు అంకె కలవాలి. పిస్టన్ పిన్ను ఊడకుండా వైర్ లాకులు వాడితే నోరు పైకో కిందకో ఉండాలి, పక్కకి ఉంటే జడత్వానికి ఊడొస్తాయి. సైడ్ క్లియరెన్స్ (రాడ్డు పక్కలకు కదిలే ఖాళీ) 0.10 నుంచి 0.30 మి.మీ. క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పుతూ రాడ్డు భుజం పిస్టన్ కింద ఆయిల్ చల్లే జెట్లకి, బ్లాకు అంచుకి, స్కర్టుకి ఎక్కడా తగలకుండా చూడండి. ఖాళీ 1 మి.మీ.కి పైనే ఉండాలి. ఇన్‌లైన్ ఫోర్ కాబట్టి నాలుగు రాడ్లూ ఒకదానితో ఒకటి గ్రాము తేడాలో ఉంటే చాలు, క్రాంకును మళ్ళీ బ్యాలెన్స్ చేయనక్కర్లేదు. రెండు కొసల బరువులూ విడివిడిగా కలవాలి, మొత్తం ఒక్కటే కలిస్తే చాలదు.

సంపు (ఇంజన్ కింద ఆయిల్ తొట్టి) ఎలాగూ దించారు కాబట్టి ఆయిల్ పికప్ జాలీ కొత్తది వేయండి. ఈ ఇంజన్‌కి ఆయిల్ మడ్డి పేరుకుని జాలీ పూడుకుపోయే జబ్బు ఉంది, అప్పుడు ఎంత ఖరీదైన రాడ్డైనా బేరింగ్ పట్టేసి పోతుంది. మొదటిసారి ప్లగ్గులు తీసి, ఇంజెక్టర్లు డిస్కనెక్ట్ చేసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌తో తిప్పి, ఆ తర్వాతే స్టార్ట్ చేయాలి. 100 కిలోమీటర్ల లోపే ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్ కోసి కాగితం మడతలు వెలుతురులో విప్పి చూడండి. రింగుల నుంచి వచ్చే సన్నని బూడిదరంగు పొడి మామూలే. రాగిరంగు తళుకులు కనిపిస్తే బూస్ట్ సంగతి పక్కనపెట్టి సంపు మళ్ళీ దించాలి.

ట్యూన్ చేసేవాడికి రాడ్లు మారాయని చెప్పినా 3000 లోపు ఫుల్ బూస్ట్ ఇవ్వొద్దనే చెప్పండి. రాడ్డు తట్టుకుంటుంది, కానీ ఆ దెబ్బ అక్కడితో ఆగక స్టాక్ పిస్టన్ రింగుల మధ్య గట్లకి, బేరింగ్ పై షెల్‌కి వెళ్తుంది.